వంగదేశములో ఒక సంతయూరు



తెలుగు పాఠకునకు వంగదేశము పరదేశము కాదు. శరత్‌చంద్రుని నవలలను చక్రపాణిగారి అనువాదములలో చదివి కంటతడి పెట్టిన తరమొకటి కలదు. 1953లో వెలువడిన దేవదాసు చలనచిత్రము ఎరుగని తెలుగువారు అరుదు. ఆ కథలవలన బెంగాలు పల్లెలోని చెరువుగట్టు, జమీందారు లోగిలి, అరుగుమీది తగవులు మనకు ఇరుగుపొరుగు సంగతులైనవి. కాని ఆ పల్లెవారు ఉప్పు ఎచ్చట కొందురు, ధాన్యము నెవరికి అమ్ముదురు, ఎద్దును ఏ సంతలో బేరమాడుదురు అను సంగతి ఆ కథలలో అంతగా కనబడదు. ప్రేమకథకు తక్కెడతో పనిలేదు గదా!

ఆ సంగతి తెలియవలెనన్నచో ఒక చిన్న సంతయూరికి పోవలెను. కలకత్తా, దక్షిణేశ్వరము, బేలూరు మఠము, శాంతినికేతనము చూచి తిరిగివచ్చు తెలుగు యాత్రికులు ఎందరో కలరు. శాంతినికేతనము దాటి మరి యిరువది కిలోమీటర్లు పోయి ఇలాంబజారులో దిగువారు మాత్రము మిక్కిలి తక్కువ. దిగినవారును జయదేవ కెందులికి పోవు బస్సు కొరకు ఎదురుచూచువారే గాని ఊరిలోనికి పోవువారు కారు. ఆ బస్సు తప్పిపోయినను నష్టము లేదని చెప్పుటయే ఈ ప్రసంగపు ఉద్దేశము.

హౌరాలో రైలెక్కినవాడు సుమారు 150 కిలోమీటర్లు ప్రయాణము చేసి బోల్పూరు స్టేషనులో దిగును. బర్ద్వాన్ పరిసరములలో దారికి ఇరుప్రక్కల వండలి నేల, వరిమళ్లు, ఇంటికొక్క చెరువు. బీర్భూమ్ జిల్లాలో అడుగిడగానే నేల రంగు మారును. ఎర్రని నేల వాననీటికి కోసుకొనిపోయి గుట్టలు గుట్టలుగా నిలిచియుండును. అచ్చటివారు దానిని ఖొవాయి అందురు. బోల్పూరునుండి ఇలాంబజారుకు పోవు బస్సు చౌపహారి అడవి నడుమ నడచును. అది సాలవృక్షముల అడవి. శ్రీకాకుళము మన్యపు వారికి గుగ్గిలపు చెట్టుగా తెలిసినది ఇదియే. అడవిలో అక్కడక్కడ సంతాలుల పల్లెలు కలవు. వారి మట్టిగోడలు అలికి, నునుపుచేసి, రంగుపట్టెలు తీర్చినవి. బస్సులోనుండి చూచినను వాని శుభ్రత కన్నులకు పట్టును. అడవి ముగియగానే ఊరు. ఊరు దాటగానే అజయ్ నది.

ఇచ్చట మూడు మాటలు తెలిసికొనుట మంచిది. వారమునకు ఒకటి రెండు దినములు మాత్రము కూడు సంతకు బెంగాలీలో హాట్ అని పేరు. సంస్కృతపు హట్టశబ్దమే అట్లయినది. నిత్యము తెరచియుండు అంగళ్ల వీథి బజారు. ధాన్యము మొదలగు సరుకు బండ్లతోను పడవలతోను వచ్చి టోకున అమ్ముడుపోవు తావు గంజ్. తెలంగాణమువారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. రవీంద్రనాథ ఠాకూరు పిల్లలకై వ్రాసి 1930లో ప్రకటించిన సహజపాఠ్ అను వాచకములో కుండలబండి హాట్‌కు పోవుటను గూర్చి ఒక గేయము కలదు. నందలాల్ బోస్ ఆ వాచకమునకు బొమ్మలు వేసెను. బెంగాలీ బిడ్డ అక్షరములతోపాటు సంతను గూడ నేర్చుకొనునన్నమాట. ఆ జ్ఞానము పిల్లలకు ఏల అవసరమో ఇలాంబజారు కథ వినినచో తెలియును.

అజయ్ నది బీహారులోని జముయి ప్రాంతమున పుట్టి, జార్ఖండు దాటి, బీర్భూమ్, బర్ద్వాన్ సీమల నడుమ సరిహద్దుగా పారి, కాట్వా యొద్ద భాగీరథిలో కలియును. వానకాలమున దరులొరసి పారును. మాఘమాసము వచ్చుసరికి ఇసుకతిన్నెల నడుమ సన్నని పాయగా మిగులును. నాగావళీ వంశధారల తీరవాసులకు ఇట్టి నది స్వభావము కొత్తకాదు. రైలు రాకముందు ఈ నదియే ఇలాంబజారుకు రాజమార్గము. నీరున్న నెలలలో సరుకు పడవలకెక్కి కాట్వాకును, అటనుండి భాగీరథిమీదుగా కలకత్తాకును పోయెడిది.

18వ శతాబ్దపు తుదిపాదములో ఈస్టిండియా కంపెనీవారు బోల్పూరు చెంతనున్న సురూలు గ్రామమున వర్తకపు కోఠీ నడపిరి. జాన్ చీప్ అను దొర దానికి రెసిడెంటు. సాలెవాండ్రకు ముందుగా బయానా ఇచ్చి, గుడ్డ నేయించి, కొని, సీమకు పంపుట ఆ కోఠీ పని. నరసాపురము చెంత మాధవాయపాలెములోను, గోదావరి సీమలోని ఇంజరములోను కంపెనీ గుడ్డల కోఠీలు ఇట్లే నడచినవి. కనుక ఈ కథలో సగము మన కథయే. చీప్ దొరతో వ్యాపారసంబంధము గల ఎర్స్కిన్ కుటుంబమువారు ఇలాంబజారులో నీలిమందును, లక్కను తయారు చేయించిరి. ఊరికి పేరు తెచ్చినది లక్క.

లక్క యన చెట్టునుండి కారు బంక యని పలువురు తలంతురు. అది సరికాదు. మోదుగ, రేగు మొదలగు చెట్ల లేతకొమ్మలపై గుంపులుగా చేరి రసము పీల్చు పురుగులు తమ చుట్టు కట్టుకొను గూడే లక్క. ఆ కొమ్మలను కోసి, గూటిని గీచి, పొడిచేసి, నీట కడుగుదురు. కడిగిన నీరు ఎర్రనగును. అది లక్కరంగు. మిగిలిన గింజలను పొడుగాటి గుడ్డసంచిలో పోసి, నిప్పుసెగ యెదుట సంచిని మెలిపెట్టగా కరగి వెలికి వచ్చునది మేలిలక్క. రంగు బట్టలకు, మేలిలక్క కొయ్యసామానుల మెరుగునకును ఉత్తరముల ముద్రలకును పనికివచ్చెడిది. బెంగాలు స్త్రీలు పాదముల అంచున దిద్దుకొను ఎర్రని ఆల్తా పూర్వము ఈ లక్కనీటితో చేసినదే. అలక్తకమను సంస్కృతపదము అచ్చట ఆల్తా అయినది, మన యిండ్లలో లత్తుక అయినది. నేడు అంగటిలో సీసాలలో దొరకు ఆల్తా రసాయనపు రంగు. పేరు మాత్రము పాతది.

ఇలాంబజారులో లక్కపని కులవృత్తిగా గలవారిని నూరీలందురు. వారు గాజులు, సిరాబుడ్లు, పండ్లు, జంతువుల బొమ్మలు చేసిరి. బెంగాలు లక్కబొమ్మ చేయు విధము వినదగినది. బొమ్మ లోపల మట్టి. కాల్చిన మట్టిబొమ్మను బొగ్గుల కుంపటిపై వేడిచేసి, రంగు కలిపిన లక్కకడ్డీతో రుద్దగా లక్క కరగి దానికి అంటుకొనును. పిమ్మట వేడిలక్కను దారమువలె సాగదీసి కన్నులు, నగలు, తోకలు తీర్తురు. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక బొమ్మల పని చూచినవారికి భేదము వెంటనే తెలియును. ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱ తరిమెనపై తిరుగుచుండగా ఆ రాపిడి వేడికే లక్క కరగి పట్టుకొనును. ఇలాంబజారు పనివాని చేయి నిప్పుకు జానెడు దూరములో నుండవలెను.

ఈ సంపద అంతయు మూడువైపులనుండి దెబ్బతినినది. మొదటిది రైలు. 1860 ప్రాంతమున హౌరానుండి ఉత్తరమునకు పోవు మార్గము బోల్పూరుమీదుగా పడెను. ఇలాంబజారు దానికి దూరమైనది. అంతవరకు నదిని నమ్మిన సరుకు రైలును నమ్మసాగెను. ధాన్యపు వర్తకులు, మిల్లులు బోల్పూరు చేరినవి. దేవేంద్రనాథ ఠాకూరు బోల్పూరు చెంత ఇరువది బీఘాల భూమిని తీసికొని శాంతినికేతనమునకు పునాది వేసినది 1863లో, అనగా రైలు వచ్చిన వెనుకనే. రెండవది రసాయనశాస్త్రము. 1856లో ఇంగ్లండున పెర్కిన్ అను యువకుడు తారునుండి వచ్చు పదార్థముతో ఊదారంగు తీసెను. దాని వెంబడి ఎరుపులు, పచ్చలు వచ్చినవి. కొమ్మలు కోసి, గీచి, కడిగి తీసిన ఎరుపును కొనువారు కరవైరి. 1897 మొదలుగా జర్మనీలో చేసిన కృత్రిమ నీలి బజారులోనికి రాగా నీలిమందునకును అదే గతి పట్టెను. మూడవది మన దేశమున పలుతావుల జరిగినదే. దొరలు లాభము తగ్గగానే కొట్టు కట్టివేసి పోయిరి. నూరీలు పోవుటకు తావులేదు.

అయినను ఆ లాభములో కొంత ఊరిలోనే నిలిచినది. అది ఇటుకరూపమున నిలిచినది. గంగావండలి దేశమున గుడికి రాయి దొరకుట కష్టము. కనుక బెంగాలు శిల్పి మట్టితోనే బొమ్మను మలచి, పలకగా కాల్చి, గోడకు పొదిగెను. పైకప్పు గూడ రాతిగుళ్లను పోలక, పల్లెయింటి వెదురు చూరువలె వంపుతిరిగి యుండును. ఇలాంబజారులో ఇట్టి గుళ్లు మూడు ముఖ్యమైనవి. లక్ష్మీజనార్దనుల గుడి ఐదు శిఖరముల పంచరత్నాలయము. దాని నిర్మాణము 1846లో, అనగా రైలు రాకకు దశాబ్దమునకు పైగా ముందు జరిగినది. బ్రాహ్మణవాడలో శివాలయమొకటి కలదు. ఇక మూడవది, యాత్రికుడు తప్పక చూడదగినది, ఎనిమిది మూలల గౌరాంగమహాప్రభు ఆలయము. అది ఉన్న తావు పేరు హాట్‌తలా. హాట్ కూడు తావు అని అర్థము. దేవుడు సంతలోనే కాపురమున్నాడన్నమాట!

ఈ గోడల చెంత అరపూట నిలుచున్నను విసుగు పుట్టదు. రామరావణయుద్ధము, కృష్ణలీలలు, పరివారముతో కూడిన దుర్గ, వీరి నడుమ టోపీ పెట్టిన సీమదొర. నాడు కోఠీకి వచ్చిపోవు దొరలను శిల్పి కన్నులార చూచినవాడే. ఈ గుళ్లు కట్టిన సూత్రధరులు కులమునకు వడ్రంగులు. కఱ్ఱచెక్కిన చేతితోనే మట్టిని చెక్కిరి. బెంగాలు ఇటుకగుళ్లను ఊరూర తిరిగి లెక్కగట్టి ఛాయాచిత్రములు తీసినవాడు డేవిడ్ మెక్‌కచ్చన్ అను ఆంగ్లేయుడు. శాంతినికేతనములోను, పిదప కలకత్తాలోని జాదవపూర్ విశ్వవిద్యాలయములోను అధ్యాపకుడై, 1972లో చిన్నవయసుననే కలకత్తాలో మరణించెను. సత్యజిత్ రాయ్ చలనచిత్రములకు ఆంగ్ల సంభాషణపాఠములు సిద్ధపరచుటలో తోడ్పడినవాడు ఇతడే. గుడి కట్టించిన గృహస్థులను ఊరు మరువలేదు. కుంపటియెదుట చేయి కాల్చుకొన్న నూరీల పేర్లు అడిగినచో చెప్పువారు లేరు. ఆ గోడలను చూచునపుడు ఈ రెండవ సంగతి గూడ తలచుట న్యాయము.

నది ఎండినను, రైలు తప్పినను, దొరలు పోయినను ఊరు పాడుపడలేదు. చుట్టుప్రక్కల పల్లెలకు కలిసికొను తావొకటి కావలెను. హాట్ నిలిచినది గనుక ఊరు నిలిచినది. సుఖబజారు అను పేటలో పశువుల సంత గూడ పేరుగొన్నది. బీర్భూమ్ ప్రాంతపు హాట్‌లో కనబడు సరుకులను చెప్పవలెనన్నచో పొద్దుచాలదు. కుండలు, చేటలు, తాటాకు విసనకఱ్ఱలు, గళ్ల తువాళ్లు, బచ్చలికట్టలు, అరటిపువ్వులు, రాసులుగా పోసిన మరమరాలు. శీతకాలమైనచో ఈతబెల్లము. చేపలమ్మువాడు కత్తిపీటను కాలితో త్రొక్కిపట్టి, రెండు చేతులతో చేపను దానికి ఒత్తి కోయును. కత్తి కదలదు, చేపయే కదలును. సంతాలు స్త్రీలు సాలపత్రములతో కుట్టిన విస్తళ్లను కట్టలుగా తెత్తురు. హిందువులు, ముసల్మానులు, సంతాలులు ఒకే నేలపై పట్టాలు పరచుకొని కూర్చుందురు. శాంతినికేతనపు సోనాఝూరి తోపులో యాత్రికులకొరకు సాగు సంత వేరు. అది చూడముచ్చటైనదే. కాని అచ్చట బట్టలు, నగలు కొనువారు పట్టణవాసులు. ఇచ్చట కొనువాడును అమ్మువాడును రైతే.

సంతలో ముఖ్యముగా చూడవలసినది తక్కెడ. 19వ శతాబ్దపు పూర్వార్ధమున సంతాలులు అడవులు నరికి కొత్తపొలములు చేసిన చోటికెల్ల వడ్డీవ్యాపారులు వెంటబడి వచ్చిరి. వారియొద్ద రెండు విధముల కొలతలుండెడివట. కొనునపుడు వాడు పెద్దకొలతకు కేనారామ్ అనియు, అమ్మునపుడు వాడు చిన్నకొలతకు బేచారామ్ అనియు పేర్లు. కేనా యన కొనుట, బేచా యన అమ్ముట. రామనామము రెండింటికిని తగిలించిరి! గింజ కొలిచిన ప్రతిసారియు సంతాలు నష్టపోయెను. అప్పుతీరక తానును, తన బిడ్డలును వెట్టికి పోయెను. 1855 జూన్ 30న భోగ్నాడీ గ్రామమున సిధూ, కాన్హూ సోదరుల నాయకత్వమున వేలాది సంతాలులు కూడి తిరుగుబాటు ప్రకటించిరి. విల్లంబులతో తుపాకుల నెదిరించి వేలమంది ప్రాణములు విడిచిరి. ఆ సంవత్సరమే బీర్భూమ్, భాగల్పూర్ జిల్లాలనుండి కొంతభాగము విడదీసి సంతాలు పరగణాల జిల్లాను ఏర్పరచిరి. అంతటి యుద్ధమునకు కారణములలో దొంగకొలత యొకటి. మన సంతలలోను వీశె, మణుగుల కాలమున ఇట్టి చేతివాటములు వినని పెద్దలుండరు. 1958 మొదలు 1962 వరకు దేశమంతట అంచెలుగా కిలోగ్రాముల పద్ధతి వచ్చినప్పుడు దానిని ఎగతాళి చేసినవారుండిరి గాని, ఊరికొక తూకము ఉన్న దినములలో ఎవరు లాభపడిరో సంతాలులకు బాగుగా తెలియును.

ఇక యాత్రికునకు కావలసిన చిన్న సంగతులు కొన్ని. చిన్నయూళ్లలో అంగళ్లు మధ్యాహ్నము మూసి సాయంకాలము మరల తెరచుట వాడుక. కావున ఎండవేళ చేరి ఊరు నిద్రపోవుచున్నదని నిందింపరాదు. అంగడివానిని దాదా యని పిలువవలెను. తెలుగు సినిమాలలోని దాదా వేరు. ఇచ్చట ఆ మాటకు అన్న యని అర్థము. అక్కను దీదీ యందురు. ఆకలిగొన్నచో మరమరాలలో ఆవనూనె, పచ్చిమిరప, ఉల్లి కలిపి, వేడి బంగాళదుంప బజ్జీ తోడుగా ఇత్తురు. అన్నములో గసగసాల కూర, దానినే పోస్తో అందురు, ఈ జిల్లావారికి మిక్కిలి ప్రియము. రసగుల్లాను గూర్చి చెప్పనక్కరలేదు.

సంక్రాంతినాడు పోగలిగినవారికి మరియొక భాగ్యము కలదు. ఇలాంబజారుకు సమీపమున అజయ్ తీరముననే జయదేవ కెందులి కలదు. గీతగోవిందము రచించిన జయదేవుని జన్మస్థలము ఇదియేనని బెంగాలీల విశ్వాసము. ఒడిస్సావారు తమ సీమలోని కెందులి యని వాదింతురు. తెలుగుదేశపు భజనగోష్ఠులలో అష్టపదులు పాడువారికి ఈ తగవుతో పనిలేదు. మకరసంక్రాంతికి ఇచ్చట జరుగు మేళాకు బావుల్ గాయకులు ఏకతారలతో వత్తురు. జనులు మోకాలిలోతు చల్లని నీట స్నానమాడుదురు. 1683లో బర్ద్వాన్ రాజవంశమువారు కట్టించిన రాధావినోదుల గుడి ఊరినడుమ కలదు. మేళా పాటలకొరకే అనుకొనరాదు. అరటిగెలలు, ఇనుపసామాను, చాపలు అన్నియు అమ్ముడుపోవును. అదియు సంతయే.

ఇలాంబజారు లక్కపని సంపూర్ణముగా నశింపకుండుటకు కారణము మరల ఆ పాత సురూలే. కంపెనీ దొరలనాటి కోఠీభవనమును 1912లో రవీంద్రనాథుడు కొనెను. 1922లో అచ్చటనే గ్రామపునర్నిర్మాణ సంస్థ నెలకొన్నది. దానికే పిదప శ్రీనికేతనమని పేరు. ఎల్మ్‌హర్స్‌ట్ అను ఆంగ్లేయుడు దాని తొలినాటి నిర్వాహకుడు. సాలెవాని గుడ్డను చవుకగా కొన్న తావునందే నేత, తోలుపని, లక్కపని నేర్పు శిల్పశాల నడచినది. ఇలాంబజారు పనివారి విద్య ఆ విధముగా విద్యార్థుల చేతికి వచ్చినది. అయినను ఇలాంబజారులో ఆ వృత్తిపై జీవించు కుటుంబములు నేడు మిక్కిలి అరుదు. నేర్చినవారు ఉండుట వేరు, కొనువారు ఉండుట వేరు.

గ్రంథాలయ సభ్యులకు ప్రియమైన మాట యొకటి. శ్రీనికేతనమునుండి చుట్టుప్రక్కల పల్లెలకు పుస్తకములు పంపు సంచార గ్రంథాలయము గూడ నడచినది. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదపులివర్రుల నడుమ కాలువలో నడపిన పడవ గ్రంథాలయమును ఎరిగినవారికి ఈ రెండింటి చుట్టరికము తెలియును.

నేడు ఇలాంబజారుమీదుగా పానాగఢ్‌నుండి మోర్‌గ్రామ్ పోవు పెద్దరోడ్డు సాగుచున్నది. అజయ్ నదిపై వంతెన కలదు. ఇసుకలారీలు, కంకరలారీలు రేయింబవళ్లు నడచును. రైలు తీసికొన్నదానిలో కొంత రోడ్డు తిరిగి ఇచ్చినది. హాట్ ముగిసిన సాయంకాలము ఈ రోడ్డుప్రక్క బస్సుకొరకు నిలిచినవారిలో చేపపిల్లలమ్మువారు గూడ ఉందురు. అమ్ముడుపోని పిల్లలను నీళ్లతో వెడల్పాటి గిన్నెలో ఇంటికి తీసికొనిపోవలెను. నీరు కదలకున్నచో ఊపిరాడక పిల్లలు చచ్చును. అందువలన బస్సెక్కి కూర్చున్న పిదపగూడ ఆ మనుష్యుడు గిన్నెలోని నీటిని అరచేతితో తట్టుచునే యుండును. ప్రక్కవాని బట్టలు తడిసినను ఎవరును ఏమియు అనరు. అతడు దిగువరకు ఆ చప్పుడు బస్సులో వినబడుచునే యుండును.